మేక మీద చంద్రలోకానికి

చంద్రమండలం మీద మనిషి కాలు పెట్టింది 1969లో. రచయితలు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే వెళ్ళి వచ్చేశారు. ఎవరి వాహనం వాళ్ళది. రెండో శతాబ్దంలో లూషియన్ తన ఓడని సుడిగాలి చేత ఎత్తించి అక్కడ దింపించాడు. 1638లో అచ్చయిన గాడ్విన్ అనే ఇంగ్లీషు బిషప్పుగారి కథలో అడవి హంసలు మోసుకుపోతాయి. సిరనో అనే ఫ్రెంచి రచయిత కథానాయకుడు, సూర్యుడు మంచుబొట్లని పైకి లాక్కుంటాడు కదా అని, వాటిని సీసాల్లో పట్టి ఒంటి చుట్టూ కట్టుకున్నాడు. చంద్రుడు అందలేదు సరికదా, పాపం, కెనడాలో పడ్డాడు!

ఈ వాహనాల జాబితా రాసుకుంటూ పోతే సరదాగానే ఉంటుంది. చాలామంది విమర్శకులు చేసిందీ అదే. ఏ రచయిత ఊహ ఎంతవరకు నిజమైంది, ఎవరి లెక్క ఎక్కడ తప్పింది అని మార్కులు వేసి కూర్చుంటారు. నాకు ఆ అర్హత లేదు. నేను ఆర్ట్సు చదివినదాన్ని. నా లెక్కలు పాలవాడి పద్దు దాటి పోలేదు. పైగా నవలలు రాసుకునే నాబోటిదానికి బండి కంటే బండి ఎక్కే మనిషి ముఖ్యం. ఎవరు వెళ్ళారు? ఎవరితో చెప్పి వెళ్ళారు? వాళ్ళు వెళ్ళాక ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ సంగతేమిటి?

ఈ ప్రశ్నలు చేతపట్టుకుని జూల్ వెర్న్ దగ్గరికి వెడితే జవాబు దొరకదు. ఆయన నవల 1865లో వచ్చింది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి, చేతిలో పనిలేక విసుగెత్తిన ఫిరంగుల పెద్దమనుషులంతా కలిసి, ఫ్లోరిడాలో 900 అడుగుల ఫిరంగి భూమిలోకి పోతపోసి, అల్యూమినియం గుండులో ముగ్గురు మగవాళ్ళని చంద్రుడి వైపు పేలుస్తారు. వాళ్ళతో రెండు కుక్కలు, కొన్ని కోళ్ళు. ఇంతమంది బయల్దేరుతూంటే గుమ్మంలో నిలబడి ‘జాగ్రత్త నాయనా’ అనే మనిషి ఒక్కరు లేరు! వెర్న్ మరీ గడుసువాడు, గుండుని ఆకాశంలో వదిలేసి మొదటి పుస్తకం ముగించాడు. అందులో వాళ్ళు బతికారో లేదో తెలియడానికి పాఠకులు 1869 దాకా ఆగవలసి వచ్చింది. మన వారపత్రికల సీరియల్ రచయితలు వారం పాటు ఉత్కంఠలో పెడితేనే పాఠకులు ఉత్తరాలు రాసి తిడతారు!

వెర్న్ లెక్కల్లో పెద్ద తప్పుంది. అంత పేలుడుకి లోపలివాళ్ళు ఆ క్షణంలోనే నుజ్జయిపోతారు. అయినా ఆ పుస్తకం ఉపకారం తక్కువ కాదు. రాకెట్టు శాస్త్రానికి పునాది వేసినవాళ్ళలో రష్యాలో సియొల్కోవ్‌స్కీ, జర్మన్ భాషవాడు ఓబెర్త్, ఇద్దరూ వెర్న్ చదివి పెరిగినవాళ్ళే. అపోలో 11 నౌక తిరిగొచ్చే దారిలో ఆర్మ్‌స్ట్రాంగ్ టెలివిజన్‌లో మాట్లాడుతూ వెర్న్ పేరు తలుచుకున్నాడు కూడా. అంచేత శాస్త్రజ్ఞులకి వెర్న్ మేనమామ వంటివాడు. కాదనను. కానీ ఆ గుండులో కూర్చున్న ముగ్గురిలో ఎవరు పోయినా నా కంట నీళ్ళు తిరగవు. శాటిలైట్ అనే కుక్క చచ్చిపోయినప్పుడు మాత్రం కాస్త బాధ కలిగింది.

తరువాత 1901లో వచ్చిన వెల్స్ నవల మనుషుల కథ. కేవర్ అనే అమాయక శాస్త్రజ్ఞుడు గురుత్వాకర్షణని అడ్డుకునే పదార్థం ఒకటి కనిపెడతాడు. వెంట వెళ్ళే బెడ్‌ఫర్డ్‌కి కావలసింది డబ్బు. అతగాడు బంగారంతో తిరిగొస్తాడు, కేవర్ అక్కడే చిక్కుకుపోతాడు. భూమ్మీద మనుషులు యుద్ధాలు ఎలా చేసుకుంటారో చంద్రుడి ప్రభువుకి కేవర్ దాపరికం లేకుండా చెప్పేశాక అతని సందేశాలు రావడం ఆగిపోతుంది. నేను ఫిరంగిమందుతో పంపించాను, ఈయన లేని పదార్థం పుట్టించాడు అని వెర్న్ చిరాకుపడ్డాడట. ఆ తగవులో నేను వెల్స్ పక్షం. పదార్థం అబద్ధమైతే అయింది, ఆ అమాయకుడు నోరుజారడం నిజం.

అదలా ఉంచి, అసలు చెప్పదలచుకున్నదానికి వస్తాను. ఈ వెల్స్ నవలలోనే కేవర్ ఒకచోట కెప్లర్ చెప్పింది నిజమేనంటాడు. గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాకారపు దారిలో తిరుగుతాయని 1609లో చెప్పిన కెప్లరే. ఆయన ఒక కథ రాశాడు. పేరు సోమ్నియం. మన సోముడికీ దీనికీ చుట్టరికం లేదు, లాటిన్‌లో ఆ మాటకి కల అని అర్థం. అయినా చంద్రుడి కథకి ఆ పేరు కుదరడం నాకెందుకో ముచ్చటగా ఉంది.

కథ ఇదీ. నిద్రపోయిన ఒకాయన కలలో ఒక పుస్తకం కనిపిస్తుంది. అందులో ఐస్‌లాండ్ కుర్రవాడు డ్యూరకోటస్. తండ్రి లేడు. తల్లి ఫియోల్క్స్‌హిల్డ్ కొండల్లో మూలికలు ఏరి, మంత్రించి, సంచుల్లో కుట్టి ఓడవాళ్ళకి అమ్ముతుంది. ఒకనాడు ఈ పిల్లవాడు, లోపల ఏముందో చూద్దామని, అమ్మిన సంచీని కోసేస్తాడు. మూలికలు చెల్లాచెదురు. బేరం పోయింది. తల్లికి ఎంత కోపం వచ్చిందంటే సంచీకి బదులు కొడుకునే ఓడ కెప్టెన్‌కి ఇచ్చేసింది! ఆ ఓడ అతన్ని డెన్మార్క్‌లో టైకో బ్రాహీ అనే ఖగోళవేత్త దగ్గర దింపుతుంది. అక్కడ నక్షత్రశాస్త్రం నేర్చి, కొన్నేళ్ళకి ఇంటికి వస్తాడు. తల్లి ఈలోగా పశ్చాత్తాపంతో సగమైపోయింది. కొడుకు నేర్చినదంతా చెబుతూంటే తల్లి తనకి తెలిసినదానితో సరిచూసుకుంటుంది. తన విద్యకి వారసుడు దొరికాడు, ఇహ చచ్చిపోయినా ఫరవాలేదంటుంది. చంద్రలోకం సంగతులు తెలిసిన భూతం ఒకటి ఆమెకి వశం. ఓ రాత్రి తల్లీ కొడుకూ తలల మీద గుడ్డలు కప్పుకుని కూర్చుంటారు. భూతం మాట్లాడ్డం మొదలెడుతుంది.

ఇక్కడిదాకా ఎంత బాగుందో చూడండి. చంద్రయాన కథలన్నింటిలో కుట్టుసూదితో, కోపంతో, బేరంతో మొదలయ్యేది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

భూతం చెప్పే ప్రయాణం మరీ విచిత్రం. 50,000 జర్మన్ మైళ్ళు. ఒక్కోటి మన లెక్కలో సుమారు ఏడున్నర కిలోమీటర్లు. అంటే ఇవాళ్టి లెక్కకి మరీ దూరంగా ఏమీ లేదు. నాలుగు గంటల్లో చేరాలి, అదీ గ్రహణం వేళ, భూమి నీడ దారిగా పడినప్పుడు. బయల్దేరేటప్పుడు ఫిరంగిమందు పేలినంత కుదుపు ఉంటుంది కనుక మనిషికి నల్లమందు ఇచ్చి, కాళ్ళూ చేతులూ విరిగిపోకుండా సర్ది పడుకోబెట్టాలి. పైన గాలి చాలదు, తడిపిన స్పాంజి ముక్కుల దగ్గర పెట్టాలి. సగం దారి దాటాక లాగనక్కరలేదు, ఒళ్ళు తనంతట తనే పోతుంది. కుదుపు సంగతి వెర్న్‌కి రెండున్నర శతాబ్దాల ముందు వాడికే తట్టింది!

ఎవరు పనికొస్తారు ఈ ప్రయాణానికి? లావుపాటివాళ్ళూ, సుకుమారులూ పనికిరారట. గట్టి రొట్టె, వెల్లుల్లి, ఎండుచేప తిని బతకడం అలవాటైన ఓడప్రయాణీకులు ఫరవాలేదట. అందరికంటే శ్రేష్ఠం ఎవరంటే, ఎండిపోయిన ముసలమ్మలు. చిన్నప్పటినించీ రాత్రిళ్ళు మేకల మీదా, పంగల కర్రల మీదా, పాత దుప్పట్ల మీదా ఎక్కి దేశాలు తిరిగిన అలవాటు వాళ్ళకి ఉంది కదా, అంటుంది భూతం.

ఇది హాస్యం. ఆ రోజుల్లో యూరపులో మంత్రగత్తెల గురించి జనం చెప్పుకునే పిచ్చికబుర్లని వెక్కిరించడం. నేను మొదటిసారి చదివినప్పుడు పైకే నవ్వాను. తరువాత తారీఖులు చూసుకున్నాను.

కెప్లర్ చిన్నప్పుడు తండ్రి కూలి సిపాయిగా ఊళ్ళు పట్టుకు తిరిగి చివరికి ఇంటికి రానేలేదు. తల్లి కతరీనా మూలికలతో వైద్యం చేసేది. 1577లో తోకచుక్క వస్తే అయిదారేళ్ళ పిల్లవాణ్ణి మెరక మీదికి తీసుకెళ్ళి చూపించింది ఈవిడే. ఆ సంగతి కెప్లరే రాసుకున్నాడు. ఆకాశం వైపు మొదట చెయ్యి చూపించిన మనిషి తల్లి అన్నమాట. పెద్దయ్యాక ఆయన ప్రేగ్‌లో టైకో బ్రాహీ దగ్గర పనికి చేరాడు. కథలో కుర్రవాడు ఎవరో, తల్లి ఎవరో ఊహించడానికి డిటెక్టివు అక్కరలేదు.

కథకి బీజం 1593లో ట్యూబింగెన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు పడింది. చంద్రుడి మీద నిలబడితే ఆకాశం ఎలా ఉంటుంది అన్న వ్యాసం అది. దానికి 1609లో కల, తల్లి, భూతం చేర్చి కథ చేశాడు. 1611లో దాని రాతప్రతి ఒకటి ప్రేగ్ నించి లైప్‌జిగ్‌కీ, అక్కణ్ణించి ట్యూబింగెన్‌కీ చేతులు మారింది. 1615లో లియోన్‌బెర్గ్ అనే ఊళ్ళో కతరీనా మంత్రగత్తె అని ఆరోపణ వచ్చింది. ఆవిడ ఇచ్చిన కషాయం తాగి జబ్బుపడ్డానని ఇరుగుపొరుగావిడ ఒకామె మొదలెట్టింది. మిగతావాళ్ళు అందుకున్నారు. 1620లో, డెబ్భై దాటిన ఆ ముసలావిణ్ణి అరెస్టు చేసి గొలుసులతో బంధించారు. పధ్నాలుగు నెలలు. కెప్లర్ ఉన్న ఊరు వదిలి వచ్చి, తానే వాదన పత్రాలు తయారుచేశాడు. 1621లో చిత్రహింసల పరికరాలు ఎదురుగా పెట్టి ఒప్పుకోమంటే, ఏం చేసుకుంటారో చేసుకోండి, ఒప్పుకోవడానికి నేనేమీ చెయ్యలేదు అన్నదట ఆ మహాతల్లి. వదిలేశారు. మరుసటి ఏడే పోయింది.

కెప్లర్ నమ్మకం ఏమిటంటే, తన కథే ఈ నిప్పు రాజేసిందని. క్షురకుల దుకాణాల్లో ఆ కథ గురించి వదంతులు పుట్టాయనీ, తమ ఇంటి మీద అపవాదుకి అది ఆజ్యం పోసిందనీ రాసుకున్నాడు. చరిత్రకారులు ఒప్పుకోరు. విచారణ కాగితాల్లో ఎక్కడా ఆ కథ ఊసు లేదనీ, ఇది ఊరి తగవుల్లోంచి పుట్టిన కేసేననీ చెబుతారు. వాళ్ళ మాటే నిజమై ఉండాలి. కుండకి మూకుడుంది గాని లోకానికి మూకుడుందా! కథ లేకపోయినా ఆ నోళ్ళు ఊరుకునేవి కావు. కానీ కొడుకు అలా అనుకుంటూ బతికాడు. అమ్మని మూలికల సంచులతో సహా కథలో కూర్చోబెట్టింది తను. ముసలమ్మలూ మేకలూ అని హాస్యమాడింది తను.

నవలలు రాసే ఆడవాళ్ళకి తప్పని ప్రశ్న ఒకటుంది. ‘ఇందులో అత్తగారు మీ అత్తగారేనా?’ మగ రచయితల్ని ఇంతగా అడగరనుకుంటాను. కాదంటే నమ్మరు, అవునంటే ఇంట్లో ఉండలేం. రాసేవాళ్ళకి సొంత మనుషులే ముడిసరుకు, వేరే దారి లేదు. వాళ్ళకి లేని చీర కట్టినా, ఊరు మార్చినా, ఐస్‌లాండ్ పంపినా, తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. అందుకే కెప్లర్ ఆ తరువాత చేసిన పని నన్ను కదిలించింది.

1622 నించి 1630 దాకా ఆయన ఆ చిన్న కథకి నోట్సు రాస్తూ కూర్చున్నాడు. 223 నోట్సు! కథ కంటే నోట్సు ఎన్నో రెట్లు పెద్దవి. తల్లి పోయాక మొదలెట్టి, తను పోయేదాకా. ఎక్కువ భాగం లెక్కలూ కోణాలూ, నాబోటివాళ్ళు పేజీలు తిప్పేసేవి. మధ్యలో ఒకచోట ఫియోల్క్స్‌హిల్డ్ ఎవరో చెబుతాడు. ఆవిడ మనిషి కాదట, సంకేతమట. చదువులేని అనుభవం, అజ్ఞానం తల్లి, శాస్త్రం దాని బిడ్డ. తల్లి బతికున్నంతకాలం బిడ్డ నోరు విప్పడం క్షేమం కాదని అన్వయం.

ఈ నోట్సుని పండితులు కథకి తాళంచెవి అంటారు. నాకు అలా తోచదు. కథ మళ్ళీ చదవండి. అందులో తల్లి అజ్ఞానమా? కొడుకు దేశాలు పోయి, గురువు దగ్గర పరికరాలతో కష్టపడి నేర్చినది ఆవిడకి ఇంటి దగ్గరే మరో దారిన తెలుసు. చంద్రలోకపు దారి టైకో బ్రాహీ చెప్పలేదు, తల్లి చెప్పించింది. 1609లో రాసినవాడు అమ్మని జ్ఞానిగా చూశాడు. 1622 తరువాత నోట్సు రాసినవాడు కోర్టు చూసివచ్చాడు. ఇది మా అమ్మ కాదు మహాప్రభో, అలంకారశాస్త్రం అంటున్నాడు. ఆ నోట్సు వ్యాఖ్యానం కాదు, ఇంకా ముగియని వాదన పత్రం. అలా చదివితే ఆ కోణాల లెక్కలు కూడా వేరేగా కనిపిస్తాయి. ప్రతి వాక్యానికీ సాక్ష్యం చూపిస్తున్న మనిషి.

కథగా దీనికి లోపాలు లేవా? ఉన్నాయి. భూతం ఉపన్యాసం మొదలెట్టాక తల్లీ కొడుకూ మాయమైపోతారు. మళ్ళీ కనిపించరు. వాన, గాలి వచ్చి కల కనేవాడికి మెలకువ వస్తుంది. చూసుకుంటే తన తల కూడా తలగడతో, దుప్పట్లతో కప్పి ఉంది. ఆ ఒక్క ముగింపు చమత్కారం బాగుంది గాని, ఫియోల్క్స్‌హిల్డ్ కడపటి మాట వినాలని ఆశపడ్డవాళ్ళకి నిరాశే. భూతం ఒక్కతే మాట్లాడుతుంది, ఎవరూ అడ్డం వచ్చి ప్రశ్న వెయ్యరు. నా నవలలో ఇలా అయిదు పేజీలు నడిస్తే సంపాదకులు తిప్పికొడతారు.

కానీ ఆ ఉపన్యాసంలో ఉన్నది సామాన్యమైనది కాదు. చంద్రుడి మీద ఒక పక్క వాళ్ళకి భూమి ఎప్పుడూ ఆకాశంలో ఒకేచోట వేలాడుతూ, తిరుగుతూ కనిపిస్తుంది. రెండో పక్క వాళ్ళకి జన్మలో కనిపించదు. పగలు మన పధ్నాలుగు రోజులు, రాత్రి పధ్నాలుగు రోజులు. ఎండకీ చలికీ తట్టుకోలేక జీవులు గుహల్లో దాక్కుంటాయి. అక్కడివాళ్ళు తమ లోకం కదలకుండా ఉందనీ, భూమే తిరుగుతోందనీ అనుకుంటారు. రైల్లో కూర్చున్నవాడికి చెట్లు పరుగెత్తినట్టు. మరి మనం? భూమి కదలదని మొండికేసే ఆనాటి పండితులకి నేరుగా చెప్పకుండా, చంద్రుడి మీదికి తీసుకెళ్ళి అక్కణ్ణించి చూపించాడు. చంద్రుడి వైపు గెలీలియో టెలిస్కోపు తిప్పింది 1609 చివర్లో. ఈ చూపుకి టెలిస్కోపు కూడా అక్కరలేకపోయింది.

2023 జులై 14న మన శ్రీహరికోట నించి బయల్దేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంత్రం దిగింది కదా, అది దిగింది కెప్లర్ చెప్పిన మొదటి పక్కన, దక్షిణంగా. అక్కడ నిలబడితే భూమి ఉత్తరం వైపు, దిగంతానికి కాస్త పైన, దాదాపు కదలకుండా ఉంటుంది. విక్రమ్, ప్రజ్ఞాన్ ఆ పధ్నాలుగు రోజుల పగలు పనిచేసి, సెప్టెంబరు మొదట్లో నిద్రపోయాయి. రాత్రి గడిచి మళ్ళీ తెల్లవారాక ఎంత పిలిచినా లేవలేదు. టీవీలో ఆ వార్త వింటూ నేను లెవానియా గుహలు తలుచుకున్నాను. చంద్రుడికి కెప్లర్ పెట్టిన పేరు అది.

కెప్లర్ తరువాత చంద్రుడి కథలో ఆడమనిషి చోటు గురించి వెతికితే నాకు ముఖ్యంగా తోచింది జర్మనీలో తేయా ఫన్ హార్బో. 1928లో ఆవిడ రాసిన నవల ‘చంద్రుడిలో స్త్రీ’ని ఆవిడ భర్త ఫ్రిట్జ్ లాంగ్ 1929లో సినిమా తీశాడు. ఓబెర్త్ సలహాదారు. అంకెలు వెనక్కి లెక్కపెట్టి రాకెట్టు వదలడం అనే తంతు జనం మనసులో పడింది ఆ సినిమాతోనే. నాయిక ఫ్రీడా శాస్త్రం చదువుకున్న పిల్ల, తానూ రాకెట్టెక్కుతుంది. తిరుగుప్రయాణానికి ప్రాణవాయువు అందరికీ చాలదని తెలిసినప్పుడు ప్రేమించినవాడికోసం అక్కడే ఉండిపోతుంది. ఎక్కించినందుకు సంతోషించేలోపే త్యాగమూర్తిని చేసి కూర్చోబెట్టారు. మన సినిమాలకి ఏమీ తీసిపోలేదు!

ఆ కథ పోయిన దారి మాత్రం మరీ దారుణం. 1942 అక్టోబరులో పేనముండేలో విజయవంతంగా ఎగిరిన మొదటి వి-2 రాకెట్టు మీద నెలవంక మీద కూర్చున్న స్త్రీ బొమ్మ గీశారు. ఆ రాకెట్లు తరువాత లండన్ మీద పడ్డాయి. వాటిని తయారుచేయించింది నిర్బంధ శిబిరాల ఖైదీల చేత. హార్బో నాజీ పార్టీలో చేరిన మనిషి, అంచేత ఆవిణ్ణి అమాయకురాలనలేను. ఆ బొమ్మని తలుచుకుంటూ ఏ నోట్సూ రాసినట్టు లేదు ఆవిడ.

కెప్లర్ 1630 నవంబరులో పోయేటప్పటికి సోమ్నియం అచ్చు సగంలో ఉంది. అల్లుడు బార్ట్ష్ అందుకున్నాడు, అతనూ పోయాడు. వైద్యం చదువుతున్న కొడుకు లుడ్విగ్‌కి భయం వేసింది, ముట్టుకున్నవాళ్ళంతా పోతున్నారని. కానీ సవతితల్లి సుసానా పిల్లల్ని వెంటపెట్టుకు వచ్చి, చేతిలో చిల్లిగవ్వ లేదు, పుస్తకం పూర్తి చెయ్యమంది. 1634లో బయటికొచ్చింది.

ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి, పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి. చదవాలనుకునేవాళ్ళకి ఒక మాట. మొదటిసారి నోట్సు జోలికి పోకండి, కథ ఒక్కటే చదవండి. ఓ గంట పని. రెండోసారి నోట్సుతో చదవండి, కోణాలు వదిలేసినా ఫరవాలేదు. మేకల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆగండి.